లెక్క మధ్యలో పలకరించకండి

నూజివీడు వెళ్ళొచ్చానని తెలియగానే మా వీధిలో ప్రతివాళ్ళూ అడిగిన మొదటి ప్రశ్న "పళ్ళేవీ?" అని. తెచ్చాను. అయిపోయాయి. రెండో ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు: "మీ అన్నయ్యకి ఎలా ఉంది?" దానికి గడపలో నిలబడి జవాబు చెప్పడం నాకు చేతకాదు. అసలు నలుగురిలో నోరు విప్పడమే చేతకాదు. అందుకని డైరీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను. అన్నయ్య చదివి, రెండు చోట్ల కొట్టేసి, మిగిలింది పత్రికకు పంపుకోవచ్చని రాశాడు.

మా అన్నయ్య సూర్యానికి ఇరవై ఆరేళ్ళు. రెండేళ్ళ కిందటి దాకా గుమాస్తాగా పనిచేశాడు. ఆ తర్వాత, ఎవరూ లేనిచోట ఎవరో మాట్లాడుతున్నట్టు, గోడ అవతల నుంచి తనమీద దొంగతనం మోపుతున్నట్టు వినిపించడం మొదలైంది. ఎనిమిది నెలలు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. బిళ్ళలు వేసుకుంటే ఆ గొంతులు తగ్గాయి కాని పూర్తిగా పోలేదు. పైగా జబ్బు వెళ్తూ వెళ్తూ ఇంకొకటి పట్టుకుపోయింది. చెప్పిన మాట మనసులో నిలబడదు. పుస్తకంలో పేజీ చివరికి వచ్చేసరికి పైన ఏముందో ఉండదు. అడిగిన ప్రశ్నకు జవాబు లోపలి నుంచి బయటికి రావడానికి చాలాసేపు పడుతుంది.

దానికి ఆసుపత్రిలో డాక్టరమ్మ కొన్ని అభ్యాసాలు చెప్పింది. పళ్ళెంలో పది వస్తువులు పెట్టి, గుడ్డ కప్పి, గుర్తున్నవి చెప్పించడం. పేపర్లో ఒక కాలమ్ తీసుకుని అందులో ఒకే అక్షరాన్ని వెతికి కొట్టేయించడం. మూడు వస్తువులు చెప్పి బజారుకు పంపడం. "కాలు విరిగినవాడికి కట్టు విప్పాక మళ్ళీ నడక నేర్పుతాం కదమ్మా, ఇదీ అంతే. ఎంత గుణం కనిపిస్తుందో నేనూ చెప్పలేను. బిళ్ళలు మాత్రం మానకూడదు," అంది. ఇంట్లో కాస్త దస్తూరీ బాగున్నది నాదే కనుక అవన్నీ నా చేతే నోటుపుస్తకంలో రాయించింది. చివర తన చేత్తో రాసింది: "అడిగాక ఆగండి. జవాబు ఆయన్నే చెప్పనివ్వండి."

ఈ ఒక్క మాటను కృష్ణా జిల్లా మొత్తం కలిసి ఎలా ఓడించిందో చెప్పడానికే ఈ కథనం.

మా మేనమామ చలపతి మావయ్యకు నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో మామిడితోట ఉంది. "వాణ్ణి పంపండి. మూడు రోజులు చూస్తాను. ఏ ఒక్క పని నిలబడి చేసినా సీజనంతా నా దగ్గరే ఉంచుకుంటాను. లేకపోతే వెనక్కి పంపేస్తాను. కోతల్లో వాడికి కాపలా కాయడం నావల్ల కాదు," అని ఉత్తరం రాశాడు. వెనక్కి వస్తే ఏమిటన్నది మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆసుపత్రిలో ఎప్పటికీ ఉండిపోయేవాళ్ళ వార్డు ఒకటుంది. దానికి దరఖాస్తు నాన్న సంతకంతో సహా పెట్టెలో తయారుగా ఉంది. నాన్న కఠినుడు కాదు, అలిసిపోయాడు. స్కూలు పరీక్ష పేపర్లు దిద్దడం ఉందని నాన్న, ఎవరైనా అడిగితే ఏడుపొచ్చేస్తుందని అమ్మ ఆగిపోగా, కండక్టరును టిక్కెట్టు అడగడానికి కూడా సిగ్గుపడే నేను ప్రయాణానికి పెద్దదిక్కునయ్యాను.

బందరు నుంచి గుడివాడ

రైల్లో మా ఎదురుగా ముంజలగంపతో ఒక పెద్దావిడ కూర్చుంది. గుడివాడలో దిగగానే కొనాల్సిన మూడు వస్తువులు అన్నయ్యకు చెప్పాను: పేపరు, సోడా, అరటిపళ్ళు. అతను వాటిని మరిచిపోకుండా పెదవులు కదుపుతూ అనుకుంటున్నాడు. ఆవిడ చూసింది. గంపను మెల్లగా తనవైపు జరుపుకుంది. నేను అన్నయ్య మోచేతిని తట్టి, "మెల్లగా," అన్నాను. ఒంటరిగా గొణుక్కునే మనిషిని లోకం ఎలా చూస్తుందో ఈ రెండేళ్ళలో బాగా నేర్చుకున్నాను. అలా తట్టడం నాకు అలవాటైపోయింది.

"అబ్బాయికి ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని ఆవిడ నన్ను అడిగింది. అబ్బాయి నా పక్కనే ఉన్నాడు. జవాబు తనే చెబుతాడని ఆగాను. అతను నోరు తెరిచేలోపల ఆవిడే అందుకుంది. "పెళ్ళి చేయండి, కుదురుతుంది. మా ఆడపడుచు కొడుకు ఇలాగే ఉండేవాడు."

"ఇప్పుడు బాగున్నాడాండీ?" అన్నాను, అడక్కుండా ఉండాల్సింది.

"వాడి సంగతేమోగాని ఆ పిల్ల పుట్టింటికెళ్ళిపోయింది."

కౌతవరం దాటేలోపల నిమ్మకాయ, నస్యం, తలకు చల్లటి ఆకుపసరు కూడా చెప్పింది. గుడివాడలో దిగాక అన్నయ్య ఒక్కడే వెళ్ళి పేపరూ సోడా తెచ్చాడు. మూడోది గుర్తు రావడం లేదు. నేను అందించలేదు. ప్లాట్‌ఫారం మీద ఎండలో, సోడా వేడెక్కిపోతున్నా సరే, పళ్ళు బిగించి ఆగాను. అతని కళ్ళల్లో మాట తిరుగుతోంది. ఇంకొక్క నిమిషంలో దొరికేదే.

"అరటిపళ్ళు బాబూ, అరటిపళ్ళు!" అని రైలు కిటికీలోంచి ఆవిడ అరిచింది.

ఉపకారం చేసినందుకు చేయి కూడా ఊపింది.

ఉంగుటూరులో పళ్ళెం

ఆ పూట ఉంగుటూరులో పిన్నిగారింట్లో ఆగాం. మా బందరులో సాయంత్రమయ్యేసరికి సముద్రం వైపు నుంచి కాస్త గాలి వస్తుంది. ఉంగుటూరులో కోసేసిన వరిచేలు నెర్రెలిచ్చి, వాటి మీంచి వచ్చే గాలి పొయ్యిమీంచి వచ్చినట్టుంది. పిన్ని మాత్రం మాకు ముక్కల పులుసు, కొత్త ఆవకాయ, గడ్డపెరుగు, ఇంకా తినమని బలవంతం, ఏదీ తక్కువ చేయలేదు.

భోజనాలయ్యాక పళ్ళెం తీశాను. అట్లకాడ, తాళంచెవి, దువ్వెన, చింతపిక్క, ఇలా పది పెట్టి, చూపించి, పైన తువ్వాలు కప్పాను. అన్నయ్య గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో మొన్న ఆరు చెప్పాడు. ఇవాళ ఏడు వస్తాయని నా ఆశ.

"తాళంచెవి," అన్నాడు. "దువ్వెన."

నేను పళ్ళెం సర్దుతుంటే చూసిన బాబాయి దగ్గరికొచ్చి కూర్చున్నాడు. అప్పటిదాకా గోడమీంచి చూస్తున్న పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు అరుగెక్కారు. అందరూ తువ్వాలు వైపే చూస్తున్నారు.

"అట్లకాడరా సూర్యం! అట్లకాడ చూళ్ళేదూ?" అంది పిన్ని.

"నువ్వు చెప్పకూడదు పిన్నీ."

"చెప్పకపోతే వాడికెలా తెలుస్తుందే? పరాయివాళ్ళమా ఏం, కళ్ళముందు బిడ్డ అలా అవస్థపడుతుంటే చూస్తూ ఊరుకుంటామా?"

"చింతపిక్క," అన్నాడు బాబాయి, గర్వంగా. "పిక్కని ఎవడు గమనిస్తాడు? నేను గమనించాను."

పక్కింటావిడ సీసామూత అంది. రెండో ఆవిడ, కాదు, అది బొత్తాం అంది. చివరికి తువ్వాలు తీసి చూసుకుని, తొమ్మిది వచ్చాయని అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ వేరే పది పెట్టమన్నారు. బాబాయి అయితే పెరట్లోకెళ్ళి పలుగు ముక్క ఒకటి తెచ్చాడు. అన్నయ్య ఎప్పుడు లేచి వెళ్ళి మంచమెక్కాడో ఎవరూ చూడలేదు.

అన్నయ్య లేచాక పప్పు ఏరే పని. అది కూడా డాక్టరమ్మ చెప్పిందే, కళ్ళూ మనసూ ఒకచోట నిలబడ్డానికి. చేట అన్నయ్య ఒళ్ళో పెట్టీపెట్టకముందే పిన్ని లాక్కుంది. "ఇంటికొచ్చిన పిల్లాడి చేత పప్పు ఏరిస్తానా? మీ అమ్మ వింటే ఏమనుకుంటుంది?" ప్రేమతో చేసేవాళ్ళను కోప్పడలేం. కోపమంతా డైరీలో రాసుకున్నాను. ఆ రోజు పేజీ అక్షరాలు ఇప్పటికీ వెనకవైపుకు అచ్చుపడి కనిపిస్తున్నాయి.

నూజివీడులో ఫలహారం

మర్నాడు హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారి నూజివీడు చేరాం. అక్కడి నుంచి నేల రంగు మారిపోతుంది. మా నల్లమట్టి, ఇసుక అయిపోయి ఎర్రటి నేల వస్తుంది. రోడ్డుకు రెండువైపులా తోటలే. బజారంతా పండు వాసన. ఒక ముసలాయన్ని చిన్న రసాలు ఎంతని అడిగితే, ఎవరింటికొచ్చారని ఎదురడిగి, మావయ్య పేరు చెప్పగానే అమ్మనన్నాడు. "చుట్టాలింటికొచ్చి పళ్ళు కొనుక్కుంటే వాళ్ళ పరువేం కావాలి?" అని ఒకటి ఊరికే చేతిలో పెట్టాడు. మా బందరులో ఎవరి పరువూ ఇంత చౌకగా నిలబడదు.

హోటల్లో అన్నయ్యే ఫలహారం చెప్పాలని ముందే అనుకున్నాం. సర్వరు వచ్చి ఊపిరాడకుండా, "ఇడ్లీ వడ పెసరట్టు ఉప్మా పూరీ ఏం కావాలండీ," అన్నాడు. అన్నయ్య అతని ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. సర్వరు నావైపు తిరిగాడు. "సారుకేం తెమ్మంటారండీ?" వెనక బల్లవాళ్ళు తిరిగి చూశారు.

"రెండు పెసరట్లు," అనేశాను.

ముప్పై నయాపైసలకు అంత మంచి పెసరట్టు నేనెక్కడా తినలేదు. సగం తిన్నాక అన్నయ్య అన్నాడు, "నేను ఉప్మా అనబోయాను పద్మా." ఆ మిగతా సగం అలాగే వదిలేశాను.

తోటలో మొదటి రోజులు

మావయ్య తోట రోడ్డు పక్కనే. తాటాకుపాక, ఒక బావి, చెట్ల నీడన కాయల కుప్పలు. బారుకర్రకు వలసంచి కట్టిన చిక్కంతో కాయను తొడిమతో సహా దింపుతారు. తొడిమ ఊడితే సొన కారి కాయ మచ్చపడుతుంది, చేతికి తగిలితే చర్మం కాలుతుంది. కోతల్లో ఉప్పు, కారం, పచ్చిమామిడి ముక్క, పెద్ద ముద్ద అన్నం, ఇదే కూలీల మధ్యాహ్న భోజనం. మావయ్యకూ అదే.

అన్నయ్యకు మొదట కాయలు ఏరే పని ఇచ్చారు. చిన్నవి, పెద్దవి, మచ్చవి వేరు చేయాలి. కాసేపటికే చిన్నవీ పెద్దవీ కలిసిపోయాయి. చిక్కం ఇస్తే ఎండలోకి వెళ్ళాలి. ఆ బిళ్ళలు వేసుకునేవాళ్ళకు ఎండ తగిలితే ఒళ్ళు పేలిపోతుందని డాక్టరమ్మ హెచ్చరించింది. నేనది చెప్పేసరికి మావయ్య తల పంకించి, "సరే," అని ఊరుకున్నాడు. ఆ సరే వింటే నాకు పెట్టెలోని దరఖాస్తు కళ్ళముందు కదిలింది. అలా ఒక రోజు గడిచిపోయింది.

రెండో రోజు పొద్దున లెక్క దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ పెత్తనం కోటమ్మది. యాభై దాటిన మనిషి, ఇరవై సీజన్ల నుంచి ఈ తోటలో లెక్క పట్టేది ఆమే. చేతికి రెండు చొప్పున ఒకసారికి నాలుగు కాయలు గంపలో వేస్తారు. అలా పాతిక సార్లు వేస్తే వంద.

అన్నయ్య నాలుగు కాయలు వేసి, "ఒకటి," అన్నాడు.

"అబ్బే, మొదటిదాన్ని ఒకటి అనరు బాబూ. లాభం అనాల."

"లాభం," అన్నాడు. రెండు, మూడు అని వేసుకుంటూ పోయాడు. తొమ్మిది దగ్గర చేతులు ఆగిపోయాయి. తొమ్మిదో పదో అతనికి తెలియలేదు. గంప కుమ్మరించి మళ్ళీ మొదలు. ఈసారి పదకొండు. నోటుపుస్తకంలో అంకెను మనసులో పట్టుకోమని ఉంది. నేనదే గుర్తుచేశాను.

"మనసులో ఎక్కడ పట్టుకుంటారమ్మాయిగారూ? అదేమన్నా గంపా?" అంది కోటమ్మ. "నోట్లో పట్టుకోవాల. తరవాతది పడేదాకా వదలమాకండి బాబూ. నోరు ఖాళీగా ఉంటే అంకె జారిపోద్ది." తను వేసి చూపించింది. "ఐదూ ఐదూ ఐదూ ఐదూ... ఆరూ ఆరూ ఆరూ..." కాయలు వంగి తీసుకునేంతసేపూ, గంప సర్దుకునేంతసేపూ అదే అంకెను సాగదీస్తూ పాడుతుంది. తోటలో లెక్కపట్టే ప్రతివాళ్ళూ అంతే. ఇంకోటి కూడా గమనించాను. లెక్క నడుస్తుంటే ఎవరూ ఆ మనిషిని పలకరించరు. మావయ్య కూడా చెట్టుకింద నిలబడి, వంద పూర్తయ్యాకే నోరు తెరుస్తాడు.

అన్నయ్య మొదలుపెట్టాడు. మొదట గొంతు రాలేదు. తర్వాత పెదవులు కదిలాయి. తర్వాత వినిపించింది. పది దాటింది. పదిహేను దాటింది. గట్టు మీద ఇద్దరు బండివాళ్ళు వస్తూ ఇటు చూశారు. "పంతొమ్మిదీ పంతొమ్మిదీ పంతొమ్మిదీ..." అని తలొంచుకుని గొణుగుతున్న అన్నయ్యను చూశారు. నా చేయి దానంతటదే వెళ్ళి అతని మోచేతిని తట్టింది.

"మెల్లగా అన్నయ్యా."

ఆగిపోయాడు. అంకె పోయింది.

కోటమ్మ నామీద విరుచుకుపడింది. "లెక్క పట్టే మనిషిని ముట్టుకుంటారేంటమ్మా! చదువుకున్న పిల్లవి, ఆ మాత్రం తెలీదా? ఇంటికి నిప్పంటుకున్నా పాతిక అయ్యాకే చెప్పాల. ఇంక కుమ్మరించండి. చెడగొట్టినోళ్ళే కుప్ప పోయాల, ఇక్కడంతే."

డెబ్భై ఆరు కాయలు ఒక్కొక్కటీ తీసి కుప్ప పోశాను. మణికట్టుమీద సొన కాలింది. గుడివాడలో రైలు కిటికీలోంచి అరిచిన ముంజలావిడ మీద, పిన్ని మీద, సర్వరు మీద మూడు రోజులుగా నేను రాసుకున్న తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. వాళ్ళంతా తలా ఒక్కసారే చేశారు. నేను రెండేళ్ళ నుంచి రోజూ చేస్తున్నాను. నామీద నాకే ఒళ్ళు మండిపోయింది.

"పెద్దవాటిని కింద పెట్టు," అన్నాడు అన్నయ్య, నేను కుప్ప పోస్తుంటే చూస్తూ. నవ్వుతున్నాడు.

ఆ పూట రెండు వందలు పట్టాడు. నోరు ఊరకే ఉండకపోతే ఆ గొంతులకు సందు తక్కువ దొరుకుతోందని, పోలేదుగాని, అంకె వెనకాల నిలబడుతున్నాయని నాతో మెల్లగా చెప్పాడు. అది నోటుపుస్తకంలో మార్జిన్‌లో రాసుకున్నాను, డాక్టరమ్మకు చూపించాలని.

లారీ వచ్చిన రోజు

మూడో రోజు బెజవాడ వ్యాపారి లారీ వచ్చింది. వ్యాపారి తరఫున ఇస్త్రీచొక్కా తొడుక్కున్న ఒక మీసాలాయన లెక్క చూసుకోవడానికి దిగాడు. తోటమనిషి పైకి పాడుతూ వేస్తుంటే ఆయన లోపల లెక్కపెట్టుకోవాలి. ఇద్దరిదీ కలిస్తేనే ఆ వంద లారీ ఎక్కుతుంది. మావయ్య అన్నయ్యను పాడమన్నాడు. నేను పాక వెనక్కి వెళ్ళి అక్కడి నుంచే తొంగిచూశాను. చేతులు దూరంగా ఉంచుకోవడమే మంచిదనిపించింది.

మొదటి వంద కలిసింది. రెండోది కలిసింది. మూడో వంద మధ్యలో మీసాలాయన వంగి అన్నయ్య ముఖంలోకి చూసి, "చలపతిగారి పిచ్చి మేనల్లుడివి నువ్వేనా?" అన్నాడు.

అన్నయ్య చేతుల్లో నాలుగు కాయలు అలాగే ఉన్నాయి. కళ్ళు పైకెత్తాడు. "పదహారూ పదహారూ పదహారూ పదహారూ..." అంటూనే ఉన్నాడు. ఎంతసేపో అన్నాడు. ఆ తర్వాత చేతులు దిగాయి. "పదిహేడూ పదిహేడూ..."

వంద అయ్యాక చూస్తే తప్పిపోయింది మీసాలాయన లెక్క. మళ్ళీ వేయించాలన్నాడు.

"వేయిద్దాం," అంది కోటమ్మ, చీరకొంగు బిగించి. "మధ్యలో పలకరించింది ఎవరండీ? తవరేగా? కుమ్మరించి కుప్ప పోయండి మరి. చొక్కా విప్పి పోస్తారా, ఇట్టాగే పోస్తారా? సొన మరక ఉతికితే పోదు."

విప్పకుండానే పోశాడు.

ఇక్కడితో ఆపేస్తే బాగుండును. కాని డైరీలో ఆ రోజు పేజీ ఇంకా ఉంది. ఎనిమిది వందలు పూర్తయ్యేసరికి అన్నయ్య చొక్కా తడిసిపోయింది. పాకలో మంచమెక్కి గోడవైపు తిరిగి, మధ్యాహ్నమంతా "నేను తియ్యలేదు, నేను తియ్యలేదు," అంటూ ఉన్నాడు. బిళ్ళ వేశాను, నీళ్ళు ఇచ్చాను. మావయ్య గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

"రోజంతా అంటే వీడి వల్ల కాదే పద్మా," అన్నాడు.

బతిమాలాలనుకున్నాను. పుస్తకాల్లో చదివిన మంచి మంచి మాటలన్నీ ఉన్నాయి. అన్నయ్య తరఫున ఏదో ఒకటి చెప్పాలి, కాని నోటుపుస్తకం ప్రకారం చెప్పకూడదు. మావయ్య కిళ్ళీ నములుతూ అలాగే నిలబడ్డాడు. ఆయనకు అలవాటే కదా, లెక్క అయ్యేదాకా ఆగడం.

చాలాసేపటికి గోడవైపు నుంచి వచ్చింది. "పొద్దుటి పూట... అవుతుంది."

మావయ్య బయటికెళ్ళి కిళ్ళీ ఊసి వచ్చాడు. "పొద్దుటి పూటే రా లెక్క. ఎండెక్కాక ఎవడు పడతాడు? మధ్యాహ్నం పడుకో. ఉండు."

తిరుగు బస్సు

మర్నాడు ఎనిమిదింటి బస్సుకు బయల్దేరాను. మావయ్య ఒక గంప రసాలు వరిగడ్డిలో సర్ది ఇచ్చాడు. పైవరస రేపటికి, కిందవరస వారానికి తినాలన్నాడు. బిళ్ళల సీసా ఎక్కడుందో, ఏ పూటకెన్నో అత్తయ్యకు రెండుసార్లు చెప్పాను. అన్నయ్యకు చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. ఉత్తరం రాయమని, తువ్వాలు లేకుండా ఎండలోకి వెళ్ళొద్దని, ఇంకా ఏవేవో.

వెళ్ళేసరికి లెక్క మొదలైపోయింది. అన్నయ్య అటుతిరిగి కూర్చుని పాడుతున్నాడు. నేను వెనకాల నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. కోటమ్మ నన్ను చూసి, పలకరించొద్దన్నట్టు చేయి అడ్డంగా ఊపింది. రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. ఇంకా పన్నెండు దగ్గరే ఉన్నాడు. పాతిక అయ్యేదాకా బస్సు ఆగదు.

కండక్టరు నాకోసం అరిచాడు. గంప ఎత్తుకుని పరుగెత్తాను. కిటికీ పక్కన కూర్చుని చూస్తే చెట్లకింద అతని వీపు కనిపిస్తోంది. పిలిస్తే వినిపించేంత దగ్గరే. పదమూడు వినిపించింది. పద్నాలుగు బస్సు చప్పుడులో కలిసిపోయింది.